అన్ని గళ్ళూ ఒక్క మూలకే ఎందుకు పోతున్నాయి?

పాఠకురాలి ఉత్తరం

కోనసీమ ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయిని నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కనుక విషయం మాత్రం సంక్షిప్తంగా ఇస్తున్నాను. ఆవిడకు 42 ఏళ్లు. గత జూన్ నుంచి ఇంటి పనులన్నీ ముగిశాక రాత్రిపూట గంటసేపు కూర్చుని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నారు. ఫిబ్రవరి 28న వచ్చే జాతీయ విజ్ఞాన దినోత్సవం నాటికి ఎనిమిదో తరగతి పిల్లలు ఆడుకునేలా మైన్‌స్వీపర్ ఆటను (గళ్ళ కింద దాగిన మందుపాతరలను తప్పించుకుంటూ, చుట్టూ ఎన్ని ఉన్నాయో చెప్పే సంఖ్యలను బట్టి మిగతా గళ్ళు తెరిచే ఆట) స్వయంగా తయారు చేస్తానని ప్రధానోపాధ్యాయులకు మాట ఇచ్చారు. మొదట నాలుగు అడ్డువరుసలు, నాలుగు నిలువువరుసల పలక మీద పదహారు బటన్లు పెట్టి, ఒక్కొక్క బటన్‌కు ఒకటి చొప్పున పదహారు ఫంక్షన్లు (నొక్కినప్పుడు జరగాల్సిన పనిని చెప్పే ఆదేశాలు) రాశారు. ఆట నడిచింది. అయితే అందులోనే మూడు లోపాలు కనిపించాయి. పై అంచున, ఎడమ అంచున ఉన్న గళ్ళలో సంఖ్యలు అప్పుడప్పుడు తప్పుగా వస్తున్నాయి. తెరిచిన గడిని పనిచేయకుండా ఆపినా, దాని మీద కుడి క్లిక్ చేస్తే జెండా (పాతర ఉందనుకున్న గడికి పెట్టే గుర్తు) పడుతోంది. మందుపాతర తగిలినప్పుడు రెండు సెకన్లు ఆగమని రాసిన చోట విండో మొత్తం బిగుసుకుపోతోంది.

ఈ లోపాలను తర్వాత చూద్దామనుకుని, పలకను 9 అడ్డువరుసలు, 9 నిలువువరుసలకు పెంచారు. 81 ఫంక్షన్లు రాయడం సాధ్యం కాదు కాబట్టి, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే లూప్ రాశారు. మొదటిసారి విండో కనిపించేసరికే గళ్ళన్నీ విప్పుకుని ఉన్నాయి. ఎక్కడో చదివి, పేరు లేని చిన్న ఫంక్షన్‌ను తయారు చేసే లాంబ్డా అనే మాటను చేర్చారు. ఇప్పుడు ఏ గడిని నొక్కినా కుడివైపు అట్టడుగున ఉన్న మూల గడి ఒక్కటే తెరుచుకుంటోంది.

సంక్రాంతికి వచ్చిన వారి ఆడపడుచు కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అతను పది నిమిషాలు చూసి, “అత్తయ్యా, ఇదంతా తీసేసి బ్రౌజర్‌లో మొదటినుంచి రాయాలి. ఇలా బటన్లు పేర్చి ఎవరూ ఆటలు చేయరు” అని అందరి ముందూ అన్నాడు. అప్పటినుంచి ఆవిడ ల్యాప్‌టాప్ తెరవలేదు. ఆవిడ అడిగిన ప్రశ్నలు మూడు. లూపు కూడా సరిగా రాయలేని నాకు ఈ విద్య అబ్బుతుందా? ఉన్నదాన్ని సరిచేసుకోవాలా, అబ్బాయి చెప్పినట్లు మళ్ళీ మొదలుపెట్టాలా? ఇంత కష్టపడుతున్న సంగతి పిల్లలకు, ప్రధానోపాధ్యాయులకు చెప్పాలా, దాచాలా?

సమాధానం

టీచర్ గారూ,

మీ మొదటి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మీ మనసు కష్టపడింది అక్కడే. మీ లూప్ తప్పు కాదు. మీరు 81 బటన్లను సరిగ్గా తయారు చేశారు, ప్రతిదాన్నీ దాని స్థానంలో ఉంచారు. పొరపాటు జరిగింది బటన్‌కు పని అప్పగించిన ఒక్క చోట మాత్రమే. అక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి మిమ్మల్ని తికమక పెట్టాయి కాబట్టి వాటిని విడదీసి చూద్దాం.

మీరు లెక్కల టీచరు కనుక మొదటిది మీకు సులభంగా అందుతుంది. పాఠంలో ప్రమేయం చెప్పేటప్పుడు ఎఫ్ వేరు, ఎఫ్ ఆఫ్ 3 వేరు అని పిల్లలకు చెబుతారు కదా. ఎఫ్ అంటే ఒక నియమం. ఎఫ్ ఆఫ్ 3 అంటే ఆ నియమాన్ని 3కు వర్తింపజేయగా వచ్చిన విలువ. టికింటర్‌లో (పైథాన్‌లో విండోలు, బటన్లు తయారు చేసే సాధనం) బటన్ తయారు చేసేటప్పుడు ‘కమాండ్’ అనే చోట మనం ఇవ్వవలసింది నియమాన్ని. మీరు మొదటిసారి ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లు పెట్టి, లోపల అడ్డువరుస, నిలువువరుస సంఖ్యలు రాశారు. బ్రాకెట్లు కనిపించగానే పైథాన్ ఆ ఫంక్షన్‌ను అక్కడికక్కడే నడిపించి, వచ్చిన విలువను బటన్ చేతికి ఇచ్చింది. లూప్ 81 సార్లు తిరిగింది, ఫంక్షన్ 81 సార్లు నడిచింది, విండో మీ కళ్ళకు కనబడేలోపే గళ్ళన్నీ తెరుచుకున్నాయి. ఆ తర్వాత నొక్కడానికి బటన్‌లో పని ఏదీ మిగలలేదు.

రెండోది కొంచెం లోతైనది. లాంబ్డా చేర్చగానే పని వాయిదా పడింది, అంతవరకు మంచిదే. కానీ లాంబ్డా లోపల మీరు రాసిన ‘అడ్డు’, ‘నిలువు’ అనే చలరాశుల విలువలను అది ఆ క్షణంలో తనలో దాచుకోదు. ఆ పేర్లను మాత్రమే గుర్తుంచుకుంటుంది. ఊళ్ళో ఎవరికైనా ఒక ఉత్తరం ఇచ్చి, పైన ‘సర్పంచ్ గారికి’ అని రాశారనుకోండి. ఆ ఉత్తరం రాసిన రోజున సర్పంచ్ ఎవరన్నది దానికి పట్టదు. అందించే రోజున ఆ పదవిలో ఎవరుంటే వారి చేతికి చేరుతుంది. మీ 81 బటన్లు అలాంటి 81 ఉత్తరాలు. అన్నింటి మీదా ‘అడ్డు గారికి, నిలువు గారికి’ అనే ఉంది. పిల్లవాడు బటన్ నొక్కే సమయానికి లూప్ ఎప్పుడో ముగిసింది, ఆ రెండు పేర్ల దగ్గరా చివరి విలువలే మిగిలి ఉన్నాయి. వరుసలను 0 నుంచి లెక్కపెడతాం కనుక ఆ చివరి విలువలు 8, 8. అంటే కుడివైపు అట్టడుగు మూల. మీకు కావలసింది ప్రతి ఉత్తరం మీదా పదవికి బదులు మనిషి పేరు ఉండటం.

(చలరాశులకు తెలుగు పేర్లు పెట్టుకున్నారని చదివి నాకు చాలా సంతోషం కలిగింది. పైథాన్ 3 వాటిని అంగీకరిస్తుంది. పిల్లలకు చూపించేటప్పుడు ఆ పేర్లను మార్చకండి. లెక్కల పాఠంలో వినే మాటలే ప్రోగ్రాంలోనూ కనిపిస్తే వారికి అది పరాయి వస్తువులా అనిపించదు.)

ఈ పొరపాటు వల్ల ‘నాకు ఈ విద్య అబ్బుతుందా’ అని అడిగారు. వృత్తిలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్ళు కూడా ఇందులో ఎంతగా పడ్డారంటే, కొన్ని భాషల నిర్మాతలు చివరికి ప్రోగ్రామర్లను తప్పుపట్టడం మాని, తమ భాషనే మార్చుకున్నారు. జావాస్క్రిప్ట్‌లో పాత ‘వార్’ మాటతో లూప్ రాస్తే సరిగ్గా మీకు జరిగిందే జరుగుతుంది. 2015లో వచ్చిన ‘లెట్’ అనే మాట ప్రతి ఆవృత్తికీ కొత్త చలరాశిని ఇస్తుంది. సీ షార్ప్ భాషలో ‘ఫర్‌ఈచ్’ లూప్ ఇదే ఇబ్బంది పెడుతుండేది. 2012లో విడుదలైన అయిదో వెర్షన్‌లో దాన్ని సవరించారు. గో భాష 2024 ఫిబ్రవరిలో 1.22 వెర్షన్‌తో తన లూప్ నియమాన్ని మార్చుకుంది. జావా అయితే మారుతూ ఉండే చలరాశిని లాంబ్డా లోపల వాడనే వాడనివ్వదు. పైథాన్ మాత్రం పాత పద్ధతినే ఉంచింది. కాబట్టి మీరు తట్టుకుని పడిన రాయి మీ ఒక్కరి దారిలోనే లేదు.

ఇక రెండో ప్రశ్న. మీ ముందున్న దారులు మూడు అని నేను అనుకుంటున్నాను. ఉత్తరం అందినప్పటినుంచి లెక్కవేస్తే ఫిబ్రవరి 28కి సుమారు నాలుగు వారాలు ఉన్నాయి, రోజుకు మీకు దొరికేది ఒక గంట. ఈ లెక్కను మనసులో ఉంచుకునే ఒక్కో దారినీ చూడండి.

మొదటి దారి, ఉన్న బటన్లను ఉంచుకుని పని అప్పగించే వాక్యాన్ని మాత్రం సరిచేయడం. దీన్ని రెండు విధాలుగా చేయవచ్చు. ఒకటి, లాంబ్డా తర్వాత, కోలన్‌కు ముందు, ‘అడ్డు = అడ్డు, నిలువు = నిలువు’ అని చేర్చడం. చూడటానికి అర్థం లేనట్లు ఉంటుంది గానీ, కుడివైపున ఉన్న విలువ లాంబ్డా తయారయ్యే క్షణంలోనే తీసుకోబడి, ఎడమవైపు పేరుతో దానిలో నిలిచిపోతుంది. ఉత్తరం మీద మనిషి పేరు రాయడం ఇదే. ఒక్క వరుసలో పని అయిపోతుంది. అయితే ఇందులో ఒక గొయ్యి ఉంది, కుడి క్లిక్ దగ్గర అందులో పడే ప్రమాదం మీకు తప్పకుండా ఉంది. ‘కమాండ్’ మీ ఫంక్షన్‌ను ఏమీ ఇవ్వకుండా పిలుస్తుంది. కుడి క్లిక్ కోసం వాడే ‘బైండ్’ మాత్రం ‘ఈవెంట్’ అనే వస్తువును మొదటి విలువగా పంపుతుంది. అక్కడా ఇదే వాక్యాన్ని నకలు చేసి పెడితే ఆ ఈవెంట్ వచ్చి ‘అడ్డు’ స్థానంలో కూర్చుంటుంది, అడ్డువరుస సంఖ్య పోతుంది, ఎర్రర్ వస్తుంది. బైండ్‌కు ఇచ్చే లాంబ్డాలో ముందుగా ఈవెంట్ కోసం ఒక పేరు రాసి, ఆ తర్వాతే ఈ రెండింటినీ రాయాలి.

రెండో విధం నాకు ఎక్కువ ఇష్టం. అడ్డువరుస, నిలువువరుస సంఖ్యలను తీసుకుని, ఆ గడికి తగిన ఫంక్షన్‌ను తయారు చేసి తిరిగి ఇచ్చే ఒక చిన్న ఫంక్షన్ రాయండి. లూప్‌లో ప్రతి బటన్ దగ్గరా దాన్ని బ్రాకెట్లతోనే పిలవండి. ఇప్పుడు అది తిరిగి ఇచ్చేది విలువ కాదు, మరొక ప్రమేయం. ప్రతి పిలుపుకూ వేరే ‘అడ్డు’, వేరే ‘నిలువు’ పుడతాయి కనుక అవి ఒకదానితో ఒకటి కలవవు. మూడు నాలుగు వరుసలు ఎక్కువ రాయాలి. అయినా నెల తర్వాత తెరిచి చదివినా, పిల్లలకు వివరించినా అందులో మాయ ఏదీ ఉండదు. ప్రమేయమే మరో ప్రమేయాన్ని ఇవ్వగలదని తెలియడం లెక్కల టీచరుకు ఎంత ఆనందమో వేరే చెప్పనక్కరలేదు.

ఈ మొదటి దారిలో మీరు కోల్పోయేది తక్కువ. బటన్‌కు నొక్కినట్లు కనిపించే రూపం, కీబోర్డుతో ఒక గడి నుంచి మరొక గడికి వెళ్ళి స్పేస్ బార్‌తో నొక్కే వీలు, పనిచేయకుండా ఆపే వీలు, అన్నీ టికింటరే ఇస్తుంది. 81 బటన్లకు ఏ పాత కంప్యూటరూ ఇబ్బంది పడదు. తర్వాత పెద్ద పలక కావాలని 30 నిలువువరుసలు, 16 అడ్డువరుసలు పెడితే 480 బటన్లు అవుతాయి. అప్పుడు విండో తెరుచుకోవడం కొంత నెమ్మదించవచ్చు.

రెండో దారి, బటన్లన్నీ తీసేసి బొమ్మలు గీసుకునే ఖాళీ పలక లాంటి ఒకే ఒక్క ‘కాన్వాస్’ పెట్టి, గళ్ళను దాని మీద గీయడం. అప్పుడు క్లిక్‌ను అందుకునేది 81 చోట్ల కాదు, ఒక్క చోటే. ఆ క్లిక్ ఎడమ అంచు నుంచి ఎన్ని పిక్సెళ్ళ దూరంలో, పై అంచు నుంచి ఎన్ని పిక్సెళ్ళ దూరంలో పడిందో ఈవెంట్ చెబుతుంది. గడి వెడల్పు 32 పిక్సెళ్ళు అనుకుంటే, 32తో భాగించగా వచ్చిన భాగఫలమే గడి సంఖ్య. శేషంతో మనకు పని లేదు. ఎడమ నుంచి 150 పిక్సెళ్ళ దగ్గర నొక్కితే భాగఫలం 4, అంటే సున్నా నుంచి లెక్కపెడితే 4వ నిలువువరుస. లాంబ్డా అవసరమే ఉండదు, కాబట్టి ఆ పొరపాటుకూ తావుండదు. అందమైన పద్ధతి, భాగఫల శేషాల పాఠానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు తోచడం లేదు. కానీ బటన్ ఉచితంగా ఇచ్చేవన్నీ ఇక్కడ మీరే కట్టుకోవాలి. నొక్కినప్పుడు అణిగినట్లు కనిపించడం, తెరిచిన గడికి రంగు మారడం, కీబోర్డుతో ఆడటం వంటివన్నీ మీ పనే. తరగతిలో మౌస్ పట్టుకోవడం కష్టమయ్యే పిల్లలు ఎవరైనా ఉంటే ఈ లోటు వాళ్ళకే ముందుగా తగులుతుంది. కాన్వాస్ అంచు చుట్టూ టికింటర్ సన్నని హద్దు ఒకటి పెడుతుంది. దాన్ని సున్నా చేయకపోతే పై అంచున, ఎడమ అంచున ఉన్న గళ్ళ గీతలు ఆ హద్దు కింద దాగిపోతాయి. నాలుగు వారాల్లో ఇది చేయలేరని నేను అనను గానీ, చివరి వారం సర్దుబాట్లకే సరిపోతుంది.

మూడో దారి మీ ఆడపడుచు గారి అబ్బాయి చెప్పినది. బ్రౌజర్‌లో ఆటను రాయడం వల్ల ఒక నిజమైన లాభం ఉంది: పిల్లలు ఇంటికి వెళ్ళి అమ్మానాన్నల ఫోన్లలో ఆడుకోవచ్చు. పాఠశాలలో ఇంటర్నెట్ లేకపోయినా ఫైలును బ్రౌజర్‌లో నేరుగా తెరిస్తే నడుస్తుంది. క్లిక్‌ల విషయంలోనూ అక్కడ మంచి ఏర్పాటు ఉంది. గడిలో జరిగిన క్లిక్ ఆ గడి దగ్గరే ఆగిపోక, దాన్ని ఇముడ్చుకున్న పలక వరకు పైకి వెళుతుంది. కాబట్టి పలకకు ఒక్క ఫంక్షన్ తగిలించి, నొక్కింది ఏ గడినో దాని మీద మనం ముందే రాసిపెట్టిన వరుస సంఖ్యలను చదివి తెలుసుకోవచ్చు. ఇవన్నీ సరే. కానీ మీకు ఇప్పుడు తెలియనివి మూడు ఒకేసారి నేర్చుకోవాలి: పేజీ నిర్మాణం, దాని అలంకరణ, జావాస్క్రిప్ట్ భాష. ఫోన్లలో కుడి క్లిక్ ఉండదు కనుక జెండాకు వేరే ఏర్పాటు ఆలోచించాలి. పాత పుస్తకంలోని ఉదాహరణను చూసి ‘వార్’తో లూప్ రాస్తే, అన్నీ వదిలేసి పారిపోయి వచ్చిన ఆ మూల గడే అక్కడ కూడా ఎదురుచూస్తూ ఉంటుంది.

నా అభిప్రాయం అడిగితే, ఈ ఫిబ్రవరికి మొదటి దారిలో వెళ్ళి, వేసవి సెలవుల్లో మూడోదాన్ని చూడమంటాను. మాట ఇచ్చిన తేదీ దగ్గరలో ఉన్నప్పుడు నడిచిన ఆటను వదిలేయడం వల్ల కలిగే నష్టాన్ని ఆ అబ్బాయి లెక్కవేయలేదు. కానీ మీ మనసు నిజంగానే కాన్వాస్ మీదికి పోతే నేను అడ్డుచెప్పను. అప్పుడు మాత్రం బటన్లతో ఉన్న ఆటను ముందు ఒక వారంలో పూర్తిచేసి పక్కన పెట్టుకుని, ఆ తర్వాత మొదలుపెట్టండి. ఏ దారి ఎంచుకున్నా ఒక పని ఈ వారమే చేయాలి. పాఠశాల కంప్యూటర్లలో ఏ సిస్టమ్ ఉందో చూడండి. విండోస్ అయితే పైథాన్‌తో పాటే మామూలుగా టికింటర్ వచ్చేస్తుంది. ఉబుంటు అయితే దాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేయవలసి రావచ్చు, దానికి ఇంటర్నెట్ కావాలి. ఆట సిద్ధమయ్యాక 27వ తేదీ సాయంత్రం ఈ సంగతి తెలిస్తే చాలా బాధగా ఉంటుంది.

మీరు తర్వాత చూద్దామని పక్కన పెట్టిన మూడు లోపాల గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే వాటిలో కొన్ని క్లిక్‌ను అందుకునే పద్ధతితోనే ముడిపడి ఉన్నాయి.

అంచుల్లో సంఖ్యలు తప్పడం చూద్దాం. కుడి అంచున, కింది అంచున ఎర్రర్ వస్తే షరతు పెట్టానని, పైన, ఎడమన మాత్రం ఎర్రరే రాలేదు కాబట్టి వదిలేశానని రాశారు. ఎర్రర్ రాకపోవడమే అక్కడి చిక్కు. సున్నా అడ్డువరుసలో ఉన్న గడికి పైవరుస అంటే మైనస్ 1. పైథాన్ జాబితాలో మైనస్ 1 అంటే తప్పు కాదు, చివరి అంశం అని అర్థం. అందువల్ల మీ ఆట పై అంచు గడికి పొరుగును వెతుకుతూ, ఫిర్యాదు చేయకుండా అట్టడుగు వరుసలోని పాతరలను లెక్కపెట్టి వచ్చింది. గడి పలకలో ఉందా లేదా అన్న పరీక్ష నాలుగు వైపులా ఉండాలి. సరిచూసుకునేందుకు ఒక లెక్క: 9 వరుసల పలకలో 4 మూల గళ్ళకు మూడేసి పొరుగులు, అంచున ఉన్న మిగతా 28 గళ్ళకు అయిదేసి, లోపలి 49 గళ్ళకు ఎనిమిదేసి ఉండాలి. మీ పొరుగుల ఫంక్షన్ ఈ సంఖ్యలు ఇస్తే అది సరైనదే. రెండో దారి పట్టినా ఈ మైనస్ 1 మిమ్మల్ని వదలదు. పలక మీద నొక్కి, వేలు ఎత్తకుండా ఎడమకు జరిపి బయట వదిలితే దూరం రుణ సంఖ్య అవుతుంది, దాని భాగఫలం మళ్ళీ మైనస్ 1. వదిలినప్పుడు పనిచేసేలా రాశారంటే కుడి అంచు గడి తెరుచుకుంటుంది.

తెరిచిన గడి మీద జెండా పడటం గురించి. బటన్‌ను పనిచేయకుండా ఆపితే ‘కమాండ్’ ఆగుతుంది. ‘బైండ్’తో తగిలించిన పని ఆగదు. టికింటర్‌లో ఇవి రెండు వేర్వేరు తలుపులు. మీరు ఒకదానికే గొళ్ళెం పెట్టారు. కుడి క్లిక్ ఫంక్షన్ మొదట్లోనే ‘ఈ గడి ఇప్పటికే తెరిచి ఉందా, ఆట ముగిసిందా’ అని అడిగి, అవునంటే అక్కడినుంచే వెనక్కి తిరిగేలా రాయాలి. ఇక్కడ అసలు విషయం ఒకటి ఉంది, ఈ జవాబులో నేను మీకు అన్నింటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది అదే. గడి తెరిచి ఉందా, అందులో పాతర ఉందా, జెండా ఉందా అనే సంగతులను బటన్ రంగును బట్టో, దాని మీద కనిపించే అక్షరాన్ని బట్టో తెలుసుకోకండి. వాటిని విడిగా ఒక మాత్రికలో, అంటే అడ్డు, నిలువు వరుసల పట్టికలో ఉంచండి. బటన్ చేయవలసిన పని ‘ఫలానా అడ్డువరుస, ఫలానా నిలువువరుసలో నొక్కారు’ అని చెప్పడం వరకే. ఏం జరగాలో మాత్రిక చూసి మరొక ఫంక్షన్ తేల్చాలి. తేల్చినదాన్ని ఇంకొక ఫంక్షన్ తెర మీద చూపాలి. ఇలా చేస్తే రేపు కాన్వాస్‌కు మారినా, వేసవిలో బ్రౌజర్‌కు మారినా ఆలోచన అంతా మీ దగ్గరే ఉంటుంది, మారేది తెర మాత్రమే. సున్నా ఉన్న గడి తెరిస్తే చుట్టూ ఉన్నవి వాటంతట అవి తెరుచుకునే భాగంలోనూ ఇదే ఉపయోగపడుతుంది: ‘నొక్కడం’ వేరు, ‘తెరవడం’ వేరు. తెరిచే ఫంక్షన్ తనను తాను పిలుచుకోవాలి గానీ నొక్కే ఫంక్షన్‌ను పిలవకూడదు, లేకపోతే పిల్లవాడు ఒక్కసారి నొక్కినదాన్ని మీ ఆట ఇరవై ఎత్తులుగా లెక్కపెడుతుంది.

రెండు సెకన్ల ఆగడం చిన్న విషయం. మీరు వాడిన ‘స్లీప్’ మొత్తం ప్రోగ్రాంను నిద్రపుచ్చుతుంది, విండో కూడా నిద్రపోతుంది. ఆ రెండు సెకన్లలో కంగారుపడి పిల్లలు నొక్కిన క్లిక్‌లన్నీ వరుసలో నిలబడి, మేలుకోగానే కొత్త ఆట మీద పడతాయి. దాని బదులు విండోకు ఉన్న ‘ఆఫ్టర్’ అనే సదుపాయానికి 2000 మిల్లీసెకన్లు అని, ఆ తర్వాత పిలవవలసిన ఫంక్షన్ పేరునూ ఇవ్వండి. అక్కడ కూడా పేరు మాత్రమే, బ్రాకెట్లు వద్దు.

ఆరు కంప్యూటర్లలో రెండింటికి మౌస్ కుడి బటన్ పనిచేయదని ఉత్తరం చివర్లో ఒక వాక్యం రాశారు. అది చిన్న సంగతి కాదు. పలక పైన ‘జెండా’ అని ఒక బటన్ పెట్టి, దాన్ని ఒకసారి నొక్కితే, మళ్ళీ నొక్కేవరకు ఎడమ క్లిక్ కూడా జెండా పాతేలా చేయండి. మాత్రిక పద్ధతిలో రాస్తే ఇది అయిదు వరుసల పని. ఆ రెండు కంప్యూటర్ల ముందు కూర్చున్న పిల్లలు ఆట రాదనుకుని లేచిపోకుండా ఉంటారు.

మీ ఆడపడుచు గారి అబ్బాయి గురించి కూడా ఒక మాట. అతను చెప్పినదాంట్లో బ్రౌజర్ లాభం నిజం, ‘బటన్లు పేర్చి ఎవరూ చేయరు’ అన్నది నిజం కాదు. నేర్చుకునేవాళ్ళు గళ్ళ ఆటను ఎక్కువగా ఇలాగే మొదలుపెడతారు. నలుగురిలో అనకుండా ఉండవలసింది. మీరు మౌనంగా ఉండిపోతే ఆ మాట మీలోనే పెరుగుతుంది. ఫోన్ చేసి నిలదీస్తే ఆడపడుచు గారి వరకు వెళ్ళి ఇంటి విషయం అవుతుంది. మూడో మార్గం ఉంది. ఆట పూర్తయ్యాక అతనికి ఫైలు పంపి, ‘పెద్ద పలక పెట్టినప్పుడు సున్నాల భాగం నాకు భయంగా ఉంది, ఒకసారి చూడు బాబూ’ అని ఒక నిర్దిష్టమైన సాయం అడగండి. అనుభవం ఉన్నవాళ్ళు పది నిమిషాల్లో మొత్తాన్ని కొట్టిపారేస్తారు గానీ, ఒక్క చిక్కును చేతికిస్తే శ్రద్ధగా చూస్తారు. ఆ భాగంలో అతని సాయం నిజంగా పనికొస్తుంది కూడా: పైథాన్‌లో ఒక ఫంక్షన్ తనను తాను పిలుచుకోవడానికి మామూలుగా 1000 పిలుపుల వరకే అనుమతి ఉంటుంది. మీ 81 గళ్ళకు ఆ హద్దు అడ్డురాదు, చాలా పెద్ద పలకకు వస్తుంది. అడగడం ఇష్టం లేకపోతే అడగకండి, ఆట ఆగదు.

చివరి ప్రశ్న, చెప్పాలా దాచాలా. దాస్తే నష్టమేమీ లేదు. ఎవరూ అడగరు, పిల్లలు ఆడుకుని ఇంటికి వెళతారు. చెబితే ఒకరిద్దరు సహోపాధ్యాయులు తేలికగా మాట్లాడవచ్చు, అది మీరు భరించగలరో లేదో మీకే తెలుసు. ప్రధానోపాధ్యాయులకు మాత్రం ఇప్పుడే, ఆటలో ఒక చిక్కు ఉందని, 20వ తేదీకి పూర్తయిన ఆటను చూపిస్తానని చెప్పడం మేలు. మాట ఇచ్చినవారికి మధ్యలో ఒకసారి సంగతి తెలియజేస్తే తేదీ దగ్గరపడేకొద్దీ మీకే భారం తగ్గుతుంది. పిల్లల విషయంలో నాకు వేరే ఆశ ఉంది. ఏది నొక్కినా మూల గడే తెరుచుకునే ఆ ఫైలును సరిచేసే ముందు వేరే పేరుతో ఒక నకలు దాచుకోండి. 28వ తేదీన ఆరు కంప్యూటర్లలో ఒకదానిలో దాన్నే తెరిచి ఉంచి, ‘ఇది ఎందుకిలా చేస్తోంది?’ అని ఒక కాగితం మీద రాసి అతికించండి. 8, 8 అన్న జవాబు వరకు తమంతట తాము చేరుకునే పిల్లలు మీ తరగతిలో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్ళు ఏం చెప్పారో నాకు మళ్ళీ రాయండి.